జుట్టుపోలిగాడి జుట్టు

ఇరవై ఏళ్ల నుంచీ నేను చేస్తున్న ఉద్యోగంలో సగం పాఠం చెప్పడమైతే, తక్కిన సగం తప్పులు దిద్దడం. ఏటా వందలకొద్దీ జవాబు పత్రాలు నా ఎర్రకలం కింద పడి లేస్తుంటాయి. కొట్టువాడికిచ్చే సరుకుల చీటీ చేతికొచ్చినా అందులో వత్తులూ దీర్ఘాలూ సరిచేయనిదే సంచీ పట్టుకుని కదలనని మా ఆవిడ నలుగురిలోనూ చెబుతుంది. నిజమే గనుక నేను కోప్పడను. ఇంతటి అనుభవజ్ఞుణ్ణి, పోయిన వేసవిలో సొంత కూతురు వేసిన ఒక్క బొమ్మ దగ్గర ఎలా బోర్లాపడ్డానో చెప్పుకుంటే సిగ్గు కొంత తగ్గుతుందేమోనని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మేము వుండేది పుట్టపర్తిలో. 2022లో మా వూరు జిల్లా కేంద్రమైంది గాని, వేసవిలో దాని స్వభావమేమీ మారలేదు. చిత్రావతిలో నీటికి బదులు ఎండ పారుతుంటుంది. చుట్టూ వున్న కొండలు పగలంతా కాగి, పొద్దువాలాక ఆ వేడిని జాగ్రత్తగా మన ఇళ్లమీదికి వదులుతాయి. అటువంటి సెలవుల్లో, ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసిన మా అమ్మాయి ఇంటి నాలుగు గోడల మధ్యా ఏం చెయ్యాలి? స్నేహితురాళ్లిద్దరితో కలిసి ఒక కంప్యూటరు ఆట తయారు చెయ్యాలని సంకల్పించింది. లెక్కల బుర్ర వున్న పిల్ల ఆటను నడిపే సంగతి చూసుకుంటుందట. సంగీతం వచ్చిన పిల్ల చప్పుళ్లు చూసుకుంటుందట. బొమ్మలు మా అమ్మాయి వంతు.

కథానాయకుడు ఎవరో కాదు, జుట్టుపోలిగాడు. తోలుబొమ్మలాట చూసినవారికి ఆయనను పరిచయం చెయ్యనక్కరలేదు. తెరమీద రామరావణ యుద్ధం ముదిరి జనం కునికిపాట్లు పడే వేళకు, భార్య బంగారక్కను వెంటబెట్టుకుని దూకి, నాలుగు మోటు మాటలాడి అందరినీ లేపి కూర్చోబెట్టే మహానుభావుడు. మా పిల్లలు ఆయనకు ఆ పాత తెరమీంచి కొత్త తెరమీదికి బదిలీ ఇప్పించబోయారు.

ఈ బొమ్మలు వేసే పద్ధతి వేరు. ఇందులో కుంచె లేదు, గీత లేదు. తెరమీద అడ్డంగా 32 గళ్లు, నిలువుగా 32 గళ్లు, వెరసి 1024. ఒక్కొక్క గడిని ఒక్కొక్క రంగుతో నింపుకుంటూ పోవాలి. ఆ గడికే పిక్సెల్ అని పేరు. కొత్తవాళ్లకు ఇది పిల్లలాట అనిపిస్తుంది, కూర్చుంటే తెలుస్తుంది. పెద్ద చిత్రంలో పొరపాటున ఒక గీత అటో ఇటో పోతే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఒక్క గడి అటు జరిగితే ముక్కు కాస్తా మీసమవుతుంది.

నాలుగు రోజులు తలుపు వేసుకుని కూర్చుని, అయిదోనాడు సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నేను మూల్యాంకనం పత్రాలతో తల వాచి వున్నాను. ఓరగా చూశాను. గుండ్రంగా, ఊదాగా ఏదో వుంది, కింద రెండు పుల్లలు.

"ఎవరమ్మా ఈయన? వంకాయకు కాళ్లు మొలిచాయా?" అని నవ్వాను.

అదీ నవ్వింది. "బాగా లేదా నాన్నా?" అంది.

"బాగుంది, బాగుంది. ఇంకా బాగా రావాలి" అన్నాను, కళ్లు పత్రాలమీదే వుంచి. మా విద్యార్థులు పద్యమో గేయమో రాసుకొచ్చి చూపిస్తే అంచుమీద నేను రాసే వాక్యం అదే. ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ వాక్యానికి అర్థం లేదని ఆ రోజుదాకా నాకు తోచలేదు.

ఎనిమిది రోజులు గడిచాయి. "అది ఆ పెట్టె తెరవడం మానేసింది, గమనించారా?" అని మా ఆవిడ అడిగింది. నేను గమనించలేదు. స్నేహితురాళ్లు ఫోను చేస్తే 'బొమ్మ నాకు రావడం లేదే, ఇంకెవరినైనా చూసుకోండి' అని చెప్పిందట. ఆ మాట వినగానే కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. కారణముంది. డిగ్రీ రెండో సంవత్సరంలో నేనొక కథ రాశాను. మొదటి కథ. రాత్రుళ్లు మేలుకుని మూడుసార్లు సాపు చేసి, నేను దైవంగా చూసుకునే ఒక అధ్యాపకుడి చేతిలో పెట్టాను. వారం తర్వాత ఆయన కాగితాలు తిరిగి ఇస్తూ, చిరునవ్వుతో, "చేతిరాత బాగుందోయ్" అన్నారు. అంతే. ఆయనకు నామీద ద్వేషమేమీ లేదు. బహుశా ఆయన ముందూ పత్రాల కట్ట వుండివుంటుంది. కాని ఆ తర్వాత నేను కథ రాయలేదు. ఎం.ఏ. చదివాను, ఇతరుల కథలమీద పాఠాలు చెబుతున్నాను.

ఈ సంగతి మా అమ్మాయికి చెప్పి క్షమాపణ కోరుదామనుకుంటూనే రెండు రోజులు దాటవేశాను. తండ్రులకు ఈ విద్య బాగా వచ్చు. ఈలోగా మా నాయన అడ్డుపడ్డాడు.

మా నాయన సంగతి కొంచెం చెప్పాలి. మా తాతకు వేరుసెనగ పండే మెట్టచేను వుండేది. మా సీమలో మెట్టచేను వుందంటే ఆకాశానికి అప్పు ఇచ్చినట్టే. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేస్తే, పదహారేళ్ల వయసులో మా నాయన ధర్మవరం వెళ్లి మగ్గాల మధ్య పడ్డాడు. నేత నేర్చాడు గాని, చేతిలో బొమ్మ వుందని కనిపెట్టి యజమాని ఆయనను గ్రాఫు పనికి పెట్టాడు. పట్టుచీర అంచుమీద నడిచే ఏనుగూ, కొంగుమీద పురివిప్పే నెమలీ, ఒంటినిండా చల్లిన బుట్టాలూ ముందు పుట్టేది గళ్ల కాగితంమీద. నింపిన గడి ఒక పోగు లేవాలని చెబుతుంది, ఖాళీ గడి వద్దని చెబుతుంది. ఆ గళ్ల వరసలను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు జకార్డు మీద ఒకటొకటే తిరుగుతుంటే పోగులు లేచి, బొమ్మ గుడ్డలోకి దిగుతుంది. ఫ్రాన్సులో లియాన్ పట్టణపు జోసెఫ్ మారీ జకార్డ్ 1804 ప్రాంతంలో తయారుచేసిన యంత్రం పుణ్యం ఇది. కాగితంమీద ఒక్క గడి తప్పితే ఆ తప్పు చీర పొడుగునా, ప్రతి బుట్టాలోనూ వస్తుంది. అందువల్ల మా నాయన గ్రాఫు ముందు కూర్చుంటే ఇంట్లో మేము దగ్గడానికి కూడా భయపడేవాళ్లం. ముప్ఫయ్యేళ్లపైన ఆ పని చేశాడు. తర్వాత ధర్మవరంలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆయన వారం రోజులు పట్టే గ్రాఫును కుర్రవాళ్లు పూటలో తీస్తుంటే, ఒకనాడు పెన్సిళ్లన్నీ కట్టగట్టి అటకమీద పడేసి, మా ఇంటికి వచ్చేశాడు. కంటిశుక్లానికి ఒక కన్ను ఆపరేషనైంది. కంప్యూటరును కన్నెత్తి చూడడు. చూడడంటే కోపంతో కాదు. సవతి ఇంటి గుమ్మం తొక్కని మనిషిలా, అంతే.

ఆ రోజు మధ్యాహ్నం మా అమ్మాయి ఆ బొమ్మను చెరిపేద్దామని పెట్టె తెరిచిందట. అప్పుడే మంచినీళ్లకోసం వచ్చిన మా నాయన వెనకనుంచి చూసి ఆగిపోయాడు.

"ఇది గ్రాఫు గదా పాపా! ఎవురు నేర్పిచ్చినారు నీకు?"

నేను పక్కగదిలోనే వున్నాను. ఆ గొంతులోని ఆశ్చర్యం విని కలం కింద పెట్టాను.

"ఎవురూ నేర్పించలేదు తాతా. అది బాగా రాలేదు."

బాగుందనీ బాగాలేదనీ ఆయన అనలేదు. ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, "ఎవురు వీడు?" అన్నాడు.

"జుట్టుపోలిగాడు."

"ఏం చేస్తాండాడు?"

"పరిగెత్తుతున్నాడు తాతా."

"యాడ పరిగెత్తేది? ఫోటోకి నిలబడినట్లుండాడే!"

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడిది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అవును కదా" అని ముందుకు వంగింది. నేనన్నది వంకాయ. ఆయనన్నదీ మెచ్చుకోలు కాదు. కాని నా మాటతో ఏం చెయ్యాలో పిల్లకు తెలియలేదు, ఆయన మాటతో తెలిసింది.

తర్వాత ఆయన ఆ పెట్టెను వసారా చివర కిటికీలో పెట్టించి, మనుమరాలిని ఈ చివర తన పక్కన నిలబెట్టుకున్నాడు. "చీర కొనేటోళ్లు గళ్లు లెక్కబెట్టరు పాపా. అంగట్లో ఆ చివర్నించి సూస్తారు. నెమలి నెమలి మాదిరి కనపడాల. దగ్గరికొచ్చినాక గదా ఈకలు!" అన్నాడు. రంగులన్నీ తీసేసి బొమ్మంతా నల్లగా చెయ్యమన్నాడు. చేసింది. అప్పుడు నా వంకాయ నిజంగానే బయటపడింది: తల, మెడ, పొట్ట అన్నీ ఒకే ముద్ద. చేతులు పొట్టలో కలిసిపోయాయి. జుట్టు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

"జుట్టుపోలిగానికి జుట్టు లేదే!" అని తాతా మనుమరాలూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోకి నన్నెవరూ పిలవలేదు.

అక్కడనుంచి పది రోజులు మా వసారా పాఠశాల అయింది. నేను ప్రేక్షకుణ్ణి. ఆ పిల్ల వేసిన బొమ్మలో రంగులు లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి. మా నాయన అదిరిపడ్డాడు. "ఇన్ని రంగులకు నాడెలు పట్టేదెవురు? నేసేవాని చేతులు ఇరిగిపోవా?" ఆయన లెక్కలో రంగంటే ఒక మనిషి శ్రమ. తెరమీద రంగుకు ఖర్చు లేదని మనుమరాలు వాదించింది గాని, ఆయన తృప్తికోసం తగ్గించి చూస్తే ఆరింటికే బొమ్మ తేటపడింది. ఇరవై మూడింటిలో చాలావరకు ఒకదానికొకటి అక్కచెల్లెళ్లు, పక్కపక్కన పెడితే తల్లి కూడా పోల్చలేదు. వంపుల దగ్గర ఆయన ఇంకా కఠినం. వీపు గుండ్రంగా రావాలంటే మెట్లు ఒక క్రమంలో దిగాలి: మూడు గళ్లు, రెండు గళ్లు, ఒకటి, మళ్లీ ఒకటి, రెండు, మూడు. మధ్యలో రెండుండవలసినచోట నాలుగు పడిందా, కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది. నేను ఎంత చూసినా కనబడని ఆ ముల్లు, ఒకే కన్ను సరిగా వున్న మా నాయనకు గది అవతలినుంచి కనబడేది.

ఒక పూట మా అమ్మాయి ఆయనకు మారియో కథ చెప్పింది. 1981లో జపానులోని నిన్‌టెండో కంపెనీ డాంకీ కాంగ్ అనే ఆటను తెచ్చింది. ఆ ఆటలో మనిషిని మియామోతో షిగేరు అనే ఆయన ఇలాగే కాసిని గళ్లలో గీయవలసి వచ్చింది. జుట్టు గీయడం కుదరక టోపీ పెట్టాడు. నోరు గీసే చోటులేక పెద్ద ముక్కు కింద మీసం పెట్టాడు. చేతుల కదలిక కనబడాలని ఒంటికీ చేతులకూ వేరు వేరు రంగులొచ్చేలా పనివాళ్ల దుస్తులు తొడిగాడు. ఇవాళ లోకమంతా గుర్తుపట్టే ఆ రూపం ఇబ్బందుల్లోంచే పుట్టింది.

మా నాయన పరమానందపడ్డాడు. "జుట్టు గీయలేక టోపీ పెట్టినాడా! తెలివిగల్లోడు!" అన్నాడు. కాసేపాగి, "మనోనికి ఆ దారి లేదు పాపా. పేరులోనే జుట్టుండాది" అన్నాడు.

1984లో వచ్చిన మాకింటాష్ కంప్యూటరు తెరమీది చిన్న గుర్తులను గీసిన సూసన్ కేర్ అనే ఆవిడ కూడా మొదట గళ్ల పుస్తకం కొనుక్కుని 32 గళ్ల చదరంలోనే గీసిందని పిల్ల చెప్పేసరికి, ఆయన నావైపు తిరిగి, "అటకమీద నా పెన్సిళ్ల కట్టుండాది. తీసియ్యి అబ్బీ" అన్నాడు. నిచ్చెన ఎక్కి దుమ్ములోంచి తీశాను. కొన్ని పెన్సిళ్లు బొటనవేలంత మిగిలివున్నాయి. ఒక గ్రాఫు కాగితంమీద సగంలో ఆపిన హంస వుంది. ఆయన దాన్ని మడిచి పక్కన పెట్టి, కొత్త కాగితంమీద పోలిగాడి జుట్టు మొదలుపెట్టాడు.

అయితే ఆయన చెప్పిందల్లా వేదమూ కాలేదు. ఆయన దిద్దిన పోలిగాడు తెరమీదికెక్కేసరికి గడకర్రలా సాగిపోయాడు. ఎంతకూ కారణం తెలియలేదు. చివరికి పిల్లే పట్టుకుంది. మగ్గంమీద అంగుళానికి ఎన్ని పడుగు పోగులో అన్ని పేక పోగులు వుండనక్కరలేదు. గుడ్డమీద సరిగా దిగడానికి కాగితంమీద బొమ్మను ఒక పక్కకు సాగదీయడం ఆయన చేతికి అలవాటైపోయింది. "తాతా, ఇక్కడ గడి ఎట్లుందో బొమ్మ అట్లే వస్తుంది" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్లు అన్నం పెట్టిన లెక్క ఇది. చివరికి, "అట్లయితే నాకన్నా నీకే సులువు" అన్నాడు.

నీడల దగ్గర ఇంకో పేచీ వచ్చింది. పిల్ల బొమ్మ అంచుపొడుగునా ముదురురంగు పూసి మధ్యలో తెల్లబరిచింది. దిండుకు గలీబు తొడిగినట్టుంది. "దీపం యాడుండాది? ఒకపక్క వెలుగుంటే ఇంకోపక్క నీడ" అని ఆయన వాదన. సబబే. ఆ ఆదివారం అందరం కలిసి నిమ్మలకుంటకు వెళ్లాం. ధర్మవరం మండలంలోనే వుంది ఆ వూరు; తోలుబొమ్మలు చేసే కుటుంబాలకు పేరుపడింది. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేము వెళ్లింది వేరే ఇంటికి. అక్కడ ఒక పెద్దాయన అద్దంలా గీకిన మేకతోలుమీద ఉలితో చిల్లులు పొడుస్తున్నాడు. పోలిగాణ్ణి ఫోనులో చూపిస్తే కళ్లు చికిలించి, "చేతులేవి తల్లీ? వాని నటనంతా చేతుల్లోనే గదా" అని, గోడకు వేలాడుతున్న బొమ్మను తీసి ఆడించాడు. భుజం దగ్గరొక ముడి, మోచేతి దగ్గరొక ముడి. ఒంటికి తగని పొడుగుచేతులు. మా అమ్మాయి ఆ బొమ్మను కాదు, దాని వెనక వెలిగే బల్బును చూస్తోంది.

తిరిగి వస్తూ బస్సులో, "తాతా, బొమ్మలాటలో దీపం పక్కన వుండదు, వెనక వుంటుంది. వెలుగు తోలులోంచే వస్తుంది. అందుకని మన పోలిగాడికి నీడే వద్దు. చిల్లులు పెడతాను" అంది. ఇంటికి రాగానే నీడలన్నీ చెరిపేసి, పంచె అంచునా నడికట్టుమీదా లేతపసుపు గళ్లు చుక్కల్లా పొదిగింది. ఒక్కసారిగా వాడు వెలిగినట్టయ్యాడు. తాత ఓడిపోయాడు. ఓడిపోయి, వీధిలో పోయేవాళ్లను కేకేసి మరీ చూపించాడు.

మా ఆవిడ ఇందులో వేలుపెట్టింది ఒక్కసారే. చుక్కల ముగ్గులో ఆవిడను మించినవాళ్లు మా వీధిలో లేరు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి, తెరవైపు చూసి, "వీడి కాళ్లు నేలమీద లేవే? ఒకటి ఒక వరస పైన ఆగింది" అని వెళ్లిపోయింది. లెక్కపెట్టి చూస్తే నిజమే. మేము ముగ్గురం పది రోజులుగా చూస్తున్నాం ఆ కాళ్లను!

ఇక ఆ జుట్టు. ఒక గడి వెడల్పున గీస్తే వెంట్రుకలా మాయమైంది. మూడు గళ్లు చేస్తే కొమ్ములా నిలబడింది. ఏడు మార్లు మార్చారు. చివరికి మొదట్లో రెండు గళ్లు, కొసలో నాలుగు, పరుగుకు ఎదురుగా వెనక్కి వాలింది. అది వాలగానే కాళ్లు మార్చకుండానే వాడు పరిగెత్తడం మొదలుపెట్టాడు. నేను గుమ్మంలోనుంచి చూస్తూ "అద్దీ!" అని అరిచాను. పిల్ల వెనక్కి తిరిగి, "నువ్వింతవరకూ ఏమీ అనలేదేం నాన్నా?" అంది.

అప్పుడు చెప్పాను. వంకాయ సంగతీ, నా మొదటి కథ సంగతీ, చేతిరాత సంగతీ. మా నాయన కూడా ఆ మాట ఎన్నడూ వినలేదు. "ఆ కాగితాలు యాడుండాయి?" అన్నాడు. చింపేశానన్నాను. ఆయన ఏమీ అనకుండా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు.

పిల్ల మాత్రం ఊరుకోలేదు. "మా ఆటకు బొమ్మ వుంది, పాట వుంది, కథ లేదు. పోలిగాడు ఎందుకు పరిగెత్తుతున్నాడో మాకెవరికీ తెలియదు. నువ్వు రాయి" అంది. నవ్వి తప్పించుకుందామనుకున్నాను. మూడు రాత్రులు కూర్చుని ఆరు పేజీలు రాశాను. చేతులు చెమర్చాయంటే నమ్మండి. పొద్దున్నే కాగితాలు దాని చేతికిచ్చి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అది నా బల్లమీది ఎర్రకలం తీసుకుని, వసారాలో తాతపక్కన మఠం వేసుకుని, పెదవులు కదిలిస్తూ చదివింది. చాలాసేపు చప్పుడు లేదు.

"నాన్నా, మొదటి రెండు పేజీలూ ఎండను గురించే వున్నాయి. పోలిగాడెప్పుడొస్తాడు?"